పైచదువు అర్జీలో ‘చదివాక ఏం చేస్తావు?’: మన పిల్లలు ఏం రాయాలి, ఎంత రాయాలి

బ్రిటన్‌లో డిగ్రీ సీట్లకు దరఖాస్తులు తీసుకునే సంస్థ పేరు యూకాస్. విద్యార్థి తన గురించి తాను రాసుకునే ‘పర్సనల్ స్టేట్‌మెంట్’ అక్కడ చాలా ఏళ్ళుగా ఒకే పెద్ద వ్యాసంగా ఉండేది. 2026 ప్రవేశాలతో ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు మూడు ప్రశ్నలు. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావు? నీ చదువు నిన్ను దీనికి ఎలా సిద్ధం చేసింది? బడి బయట ఏం చేశావు, అది దీనికి ఎలా పనికొస్తుంది? మూడింటికీ కలిపి 4000 అక్షరాలు, ఖాళీలతో సహా. ఒక్కో జవాబు కనీసం 350 అక్షరాలు ఉండాలి. మొదటి ప్రశ్నకు ఏమేం రాయవచ్చో చెబుతూ యూకాస్ ఇచ్చిన సూచనల్లో ‘నీ భవిష్యత్ ఆలోచనలు, వాటికి ఈ కోర్సు ఎలా సరిపోతుంది’ అన్న మాట ఉంది.

చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణి తెలుగు ఇళ్ళలో ఈ మాటకి ఇంత పట్టింపు ఎందుకంటే, మన పిల్లల్ని ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇంజనీరింగు సీటుకి పీయూసీ మార్కులు, సీఈటీ మార్కులు కలిపి ర్యాంకు వేస్తారు. మెడిసిన్‌కి నీట్. ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టాం, సీటు పడింది, ఫీజు కట్టాం. ఆ పిల్లకి సివిల్ ఇష్టమా, కంప్యూటర్ ఇష్టమా, చదివాక ఏం చేద్దామనుకుంటోంది అన్నది ఏ కాగితంలోనూ ఉండదు. ఆ పద్ధతిలో న్యాయం లేదని అనడం లేదు. పల్లె బడిలో చదివిన పిల్లకి, బెంగళూరు పెద్ద స్కూల్లో చదివిన పిల్లకి ఒకే కొలబద్ద అంటే అదీ ఒక న్యాయమే. కానీ పన్నెండేళ్ళు మార్కుల భాషలో మాట్లాడిన పిల్లని ఒక్కసారి కూర్చోబెట్టి ‘నీ గురించి నువ్వు చెప్పు’ అంటే కలం కదలదు. కదలని చోట కన్సల్టెన్సీ దూరుతుంది.

ఇంకో చిక్కు మన ఇళ్ళదే. ఉద్యోగం అనేది మన దగ్గర ఒక్కరి విషయం కాదు. తండ్రి ఒక మాట అంటాడు, బెంగళూరులో ఐటీలో ఉన్న మేనమామ ఒకటి చెబుతాడు, హిందూపురంలో ఉన్న పెదనాన్న కొడుకు అమెరికా వెళ్ళిన దారి ఒకటి ఉంటుంది. పిల్లవాడు రాసే ‘నా లక్ష్యం’లో ఈ ముగ్గురూ కనిపిస్తారు, వాడొక్కడే కనిపించడు. చదివేవాళ్ళకి అది తెలిసిపోతుంది. ఎందుకంటే ఆ పేరాలో ఉద్యోగం పేరు ఉంటుంది, జీతం వాసన ఉంటుంది, పని మాత్రం ఉండదు.

ఒకే ప్రశ్న, ముగ్గురు పాఠకులు

పైదేశపు చదువుకి కాగితాలు కట్టేటప్పుడు ‘కెరీర్ ప్లాన్’ అన్న మాట మూడు చోట్ల వస్తుంది. యూనివర్సిటీకి రాసే స్టేట్‌మెంట్‌లో ఒకసారి, వీసా దగ్గర ఒకసారి, బ్యాంకు లోను దగ్గర ఒకసారి. ఈ మూడు చోట్లా చదివే మనిషి వేరు, అతని భయం వేరు. మన వాళ్ళు చేసే పెద్ద పొరపాటు మూడింటికీ ఒకే కాగితం వాడడం, లేదా మూడింటికీ మూడు కథలు చెప్పడం.

యూనివర్సిటీ వాళ్ళ భయం ఏమిటి? ఈ పిల్ల ఈ కోర్సుని మధ్యలో వదిలేస్తుందేమో, ఇది ఏమిటో తెలియకుండానే వస్తోందేమో అని. అందుకే వాళ్ళకి కెరీర్ ప్లాన్ అనేది సాక్ష్యం లాంటిది. ఈ కోర్సులో ఏం నేర్పుతారో, దానితో ఏం చేయవచ్చో ఈమెకు తెలుసు అని నమ్మితే చాలు. ‘చదువయ్యాక మా దేశానికి తిరిగి వెళ్తాను’ అని అక్కడ ప్రమాణం చేయనక్కర్లేదు. మామూలు ప్రవేశంలో యూనివర్సిటీకి ఆ ప్రమాణంతో పని లేదు.

వీసా అధికారి భయం వేరు. అమెరికా వలస చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉంది. దాని ప్రకారం విద్యార్థి వీసా అడిగే ప్రతి మనిషినీ ముందు వలస పోదలచిన మనిషిగానే చూస్తారు. కాదు, చదువుకోవడానికే వెళ్తున్నాను, నాకు నా ఊళ్ళో ఇల్లూ వేరూ ఉన్నాయి అని నమ్మించే బాధ్యత మనది. చెన్నైలోనో హైదరాబాదులోనో అద్దం ముందు నిలబడ్డ ఆ కొద్ది నిమిషాల్లో అధికారి మీ ఎస్‌ఓపీ తీసి చదవడు. ‘ఈ కోర్సే ఎందుకు, ఈ యూనివర్సిటీయే ఎందుకు, తర్వాత ఏం చేస్తావు’ అని అడుగుతాడు. కన్సల్టెన్సీ రాసి ఇచ్చిన ఎస్‌ఓపీలో ఒకటి ఉండి, పిల్లవాడి నోటి నుంచి ఇంకొకటి వస్తే అక్కడే తడబాటు.

ఆస్ట్రేలియాలో ఈ ప్రశ్న రాతపూర్వకంగానే ఉంటుంది. 2024 మార్చి 23 వరకు ‘నేను తాత్కాలికంగానే వస్తున్నాను’ అని నిరూపించుకోవాల్సిన నిబంధన ఉండేది. ఆ రోజు నుంచి దాన్ని తీసేసి ‘నిజమైన విద్యార్థి’ అనే పరీక్ష పెట్టారు. దరఖాస్తులోనే ప్రశ్నలుంటాయి: నీ కుటుంబ, ఉద్యోగ పరిస్థితి ఏమిటి, ఈ కోర్సు ఈ కాలేజీలోనే ఎందుకు, ఇది పూర్తిచేస్తే నీకు ఒనగూడేదేమిటి. ఒక్కో జవాబు 150 మాటలు దాటకూడదు. పాత నిబంధన కింద ‘తిరిగి వచ్చేస్తాను’ అన్న వాక్యాన్ని పదిసార్లు రాసి ఇచ్చిన నమూనాలు మన ఊళ్ళలో ఇంకా చేతులు మారుతున్నాయి. అవి పాతబడ్డాయి. చదువయ్యాక అక్కడ స్థిరపడే దారులు కొందరికి ఉంటాయని ఆ ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇప్పుడు చూసేది నువ్వు నిజంగా చదవడానికే వస్తున్నావా అని. కాబట్టి కోర్సుకీ, నీ గత చదువుకీ, రేపటి పనికీ మధ్య లంకె ఎక్కడుందో చెప్పాలి.

కెనడాలో స్టడీ పర్మిట్‌తో పాటు పెట్టే వివరణ లేఖలో ఈ సంగతి వస్తుంది. గడువు తీరాక దేశం వదిలి వెళ్తాడన్న నమ్మకం అధికారికి కలగాలి అన్నది అక్కడి నియమం. అదే చట్టం, తర్వాత స్థిరనివాసం కోరుకునే ఆలోచన ఉన్నంత మాత్రాన తాత్కాలిక అనుమతి నిరాకరించనక్కర్లేదని కూడా అంటుంది. రెండూ నిజమే. అందుకే అబద్ధమాడనక్కర లేదు, ఆశలన్నీ అక్కడ కుమ్మరించనూ అక్కర లేదు.

బ్రిటన్‌లో యూనివర్సిటీలే చాలా వరకు వీసా కాగితం ఇచ్చే ముందు తమ ఇంటర్వ్యూ తాము చేసుకుంటున్నాయి. దానికి కారణం ఉంది. తాము చేర్చుకున్న విద్యార్థుల్లో వీసా తిరస్కరణలు ఒక గీత దాటితే యూనివర్సిటీ లైసెన్సుకే ముప్పు. 2025 వరకు ఆ గీత 10 శాతంగా ఉండేది. ఆ గీతను 5 శాతానికి దించుతామని 2025 మే నెలలో ఆ ప్రభుత్వం శ్వేతపత్రంలో ప్రకటించింది. అంటే మీ అబ్బాయి ఇంటర్వ్యూలో నీళ్ళు నమిలితే అది వాడి ఒక్కడి సీటు సంగతి కాదు, ఆ యూనివర్సిటీ లెక్క కూడా. వాళ్ళు గట్టిగా అడగడంలో ఆశ్చర్యం లేదు.

ఇక బ్యాంకు. చదువు లోను ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి హామీ అడుగుతారు. మన తాలూకాల్లో ఆస్తి అంటే ఏమిటో చెప్పనక్కర లేదు: బోరు పడితే పంట, పడకపోతే బీడు అన్నట్టుండే రెండు మూడు ఎకరాలు, లేదా ఊళ్ళో సైటు. ఆ కాగితాలు బ్యాంకులో పెట్టిన రోజున ‘కెరీర్ ప్లాన్’ అనేది వ్యాసంలో ఒక పేరా కాదు, ఇంటి లెక్క. అందుకే ఆ పేరాని అమ్మానాన్నలు చదవాలి. ఇంగ్లీషు రాకపోతే పిల్ల చేత తెలుగులో చెప్పించుకోవాలి. తెలుగులో చెప్పలేని ప్లాన్ ఇంగ్లీషులో ఉందంటే అది ఆ పిల్లది కాదని అర్థం.

రాయాలా, వద్దా?

సూటిగా చెప్పాలంటే, రాయాలి. కానీ కొద్దిగా, చివర్లో, ఆధారంతో. అయితే ఇది కోర్సుని బట్టి మారుతుంది.

నర్సింగ్, మెడిసిన్, ఫిజియోథెరపీ, టీచర్ శిక్షణ, సోషల్ వర్క్ వంటి వాటిలో చదువే వృత్తి. అక్కడ ‘ఈ పని ఏమిటో నాకు తెలుసు, దగ్గర నుంచి చూశాను’ అన్నది లేకపోతే మిగతాదంతా ఉన్నా లేనట్టే. తాలూకా ఆస్పత్రిలో నాలుగు రోజులు కూర్చుని ఓపీ చీటీలు రాయడానికి సాయం చేసినా అది చెప్పుకోదగ్గ సంగతే. గణితం, చరిత్ర, భౌతికశాస్త్రం, సాహిత్యం లాంటి వాటికి పదిహేడేళ్ళ పిల్లని ‘రేపు ఏమవుతావు’ అని నిలదీసేవాళ్ళు తక్కువ. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వంటి చోట్ల చూసేది సబ్జెక్టు మీద మక్కువ, ఆలోచించే తీరు. అక్కడ ‘నేను పెద్ద కంపెనీలో డేటా సైంటిస్టు అవుతాను’ అనే మాట సాయం చేయదు. పైగా సబ్జెక్టు గురించి చెప్పాల్సిన చోటుని అది తినేస్తుంది. ఇంకా ఏమీ తేల్చుకోలేదంటే ఆ మాట దాచనక్కర లేదు. ‘ఈ రెండు దిక్కుల్లో ఏదో చదువులోనే తేల్చుకుంటాను’ అనడం తప్పు కాదు, ఆ రెండు దిక్కులూ ఏవో చెప్పగలిగితే.

అమెరికాలో డిగ్రీకి వెళ్ళేవాళ్ళు రాసే కామన్ యాప్ వ్యాసం 650 మాటలు. అది మనిషి గురించి, ఉద్యోగం గురించి కాదు. ఎంఎస్‌కి రాసే ‘స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్’ దానికి పూర్తిగా వేరు. అందులో భవిష్యత్తు లేకపోతే ఏదో వెలితి. పీహెచ్‌డీకైతే ఏ ప్రశ్న మీద పని చేస్తావు, ఎవరి దగ్గర చేస్తావు, పరిశోధనలో ఉంటావా పరిశ్రమకి వెళ్తావా అన్నదే కాగితం సగం. ఈ మూడింటికీ ఒకే వ్యాసాన్ని కొద్దిగా అటూ ఇటూ మార్చి పంపడం మన వాళ్ళకి బాగా అలవాటు. బిర్యానీ ఎసరులో రాగి ముద్ద కలిపినట్టు ఉంటుంది.

స్కాలర్‌షిప్పుల సంగతి ఇంకో తీరు. బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చీవ్‌నింగ్ దరఖాస్తులో కెరీర్ ప్రణాళిక మీదే ప్రత్యేకంగా ఒక వ్యాసం రాయాలి. చదువయ్యాక కనీసం రెండేళ్ళు సొంత దేశంలో ఉండాలన్నది షరతు. అమెరికా ఫుల్‌బ్రైట్-నెహ్రూ మీద వెళ్ళినవాళ్ళకీ రెండేళ్ళు ఇంటికి తిరిగి రావాల్సిన నియమం ఉంది. ఇక్కడ ‘తిరిగి వచ్చి ఏం చేస్తావు’ అన్నదే అసలు పరీక్ష. యూనివర్సిటీ స్టేట్‌మెంట్‌లో ఒక వాక్యంతో పోయేది ఇక్కడ పేజీ అవుతుంది. ఎవరి డబ్బు ఖర్చవుతోందో వాళ్ళు రేపటి సంగతి అడుగుతారు. ఇంటి డబ్బు ఖర్చయ్యేటప్పుడు ఇంట్లోవాళ్ళు అడిగేదీ అదే కదా.

ఎలా రాయాలి: మన నేల మీద నిలబడి

మన పిల్లలు రాసే ప్లాన్‌లో చాలాసార్లు కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: ‘ప్రపంచ స్థాయి విద్య పొంది, పేరున్న బహుళజాతి సంస్థలో ఉన్నత పదవి చేపట్టి, దేశానికి సేవ చేయాలని నా ఆశయం.’ ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, పట్టుకోవడానికీ ఏమీ లేదు. ఈ వాక్యాన్ని గుంటూరు పిల్ల రాసినా, లాహోరు పిల్ల రాసినా, లాగోస్ పిల్ల రాసినా ఒకటే. నేల విడిచి సాము.

ఇప్పుడు బాగేపల్లి దగ్గర పల్లెలో పెరిగి, సివిల్‌లో బీఈ చేసి, నీటి శుద్ధి మీద ఎంఎస్‌కి దరఖాస్తు చేసే అమ్మాయిని ఊహించుకోండి. ఆమె ఇలా రాయవచ్చు: ‘మా తాలూకా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. మా జిల్లా చెరువులకి బెంగళూరు మురుగు నీటిని శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార పథకం కింద పంపుతున్నారు. ఆ నీటికి రెండో దశ శుద్ధి వరకే జరుగుతుంది, మూడో దశ కూడా కావాలని ఇక్కడి రైతులు అడుగుతున్నారు. తక్కువ ఖర్చుతో ఆ మూడో దశ ఎలా సాధ్యమో నేర్చుకోవాలని నా కోరిక. చదువయ్యాక కొన్నేళ్ళు శుద్ధి ప్లాంట్ల రూపకల్పనలో పని చేసి, ఇలాంటి కరువు జిల్లాల పథకాల్లో పని చేయాలనుకుంటున్నాను.’ అయిదే వాక్యాలు. ఇందులో జీతం లేదు, పదవి లేదు. కానీ ఒక సమస్య ఉంది, దాని గురించి తెలిసిన మనిషి ఉంది, ఆ కోర్సే ఎందుకో ఉంది. యూనివర్సిటీ చదివినా, వీసా అధికారి అడిగినా, బ్యాంకు మేనేజరు అడిగినా ఒకే జవాబు. మూడు కథలు గుర్తుపెట్టుకునే బాధ లేదు.

ఇలాంటి ముడిసరుకు మన జిల్లాలో కొల్లలు. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్ ఉంది, చింతామణిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి రేషం కాలేజీ ఉంది. పట్టు పురుగుకి రోగం వస్తే ఇల్లంతా దిగాలు పడే కుటుంబం నుంచి వచ్చిన పిల్ల బయోటెక్నాలజీకి దరఖాస్తు చేస్తే ఆ సంగతి రాయకుండా ‘చిన్నప్పటి నుంచి సైన్సంటే నాకు ప్రాణం’ అని రాయడం ఎంత నష్టం! టమాటా ధర ఒక నెల ఆకాశంలో, ఇంకో నెల రోడ్డు పక్కన పారబోసేంత కిందికి. దాన్ని కళ్ళారా చూసిన పిల్లవాడికి సప్లై చెయిన్ మీద ఎంబీఏ ఎందుకో వేరే చెప్పాలా?

మన భాష సంగతి కూడా. ఇంట్లో తెలుగు, వీధిలో బడిలో కన్నడ, కాలేజీలో ఇంగ్లీషు. మనకిది ఊపిరి పీల్చినంత మామూలు కాబట్టి ఎవరూ రాయరు. స్పీచ్ థెరపీ, భాషాశాస్త్రం, ప్రజారోగ్యం, న్యాయశాస్త్రం చదవబోయే పిల్లకి ఇది నేరుగా పనికొచ్చే అర్హత. రెండు భాషల ఇళ్ళలో మాటలు ఆలస్యమైన పిల్లలతో పని చేయగల థెరపిస్టులు ఎంతమంది? కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పిన నేల ఇది. రెండు భాషల సాహిత్యం మీద పరిశోధన చేస్తాననే పిల్లకి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ? అయితే ఒక హెచ్చరిక. ‘మేము మైనారిటీ వాళ్ళం, వెనకబడ్డాం’ అని జాలి కోసం రాయవద్దు. ఇబ్బంది నిజమైతే అది నీ చదువుని ఎలా మలిచిందో రాయి, అంతవరకే.

అచ్చు వ్యాసాల ప్రమాదం

2007లో యూకాస్ 50,000 దరఖాస్తుల వ్యాసాల్ని కంప్యూటర్‌తో పోల్చి చూసింది. చాలావరకు మెడిసిన్‌కో, ఆక్స్‌ఫర్డ్-కేంబ్రిడ్జ్‌లకో వెళ్ళదలచిన పిల్లలవి. వాటిలో 234 మంది తమకి ఎనిమిదేళ్ళప్పుడు కెమిస్ట్రీ సెట్‌తో ఆడుతూ పైజామాకి కన్నం పెట్టుకున్నామని రాశారు. ఇంటర్నెట్‌లో ఉన్న ఒక నమూనా వ్యాసం నుంచి ఎత్తుకొచ్చిన కథ అది. ఇంకో 175 మంది వ్యాసాల్లో ముసలి తాతయ్య జబ్బు కనిపించింది. ఇన్ని పైజామాలు ఒకేసారి కాలవు కదా. అప్పటి నుంచి పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ నడుస్తూనే ఉంది. దొరికితే విద్యార్థికి తెలియజేస్తారు, అతను ఎంచుకున్న యూనివర్సిటీలకీ తెలియజేస్తారు. ఇప్పుడు దరఖాస్తు పంపే ముందు, ఇది కృత్రిమ మేధ రాసింది కాదు, నేనే రాశాను అని ఒప్పుకోలు కూడా పెట్టాలి.

కెరీర్ పేరాలోనే ఈ అచ్చు ఎక్కువగా దొరుకుతుంది. ఎందుకంటే గతం ఒక్కొక్కరిది ఒక్కో తీరు, రేపు మాత్రం అందరూ ఒకేలా ఊహిస్తారు. చాట్‌బాట్‌ని అడిగినా అది ఇచ్చేది ఆ సగటు రేపే. బెంగళూరులోనో చిక్కబళ్ళాపురలోనో ఏజెంటు ‘ఎస్‌ఓపీ మేమే చూసుకుంటాం సార్, మీకెందుకు’ అన్నాడంటే అక్కడే ఆగి ఆలోచించాలి. అతని దగ్గర మన పిల్లకంటే ముందు యాభై మంది వెళ్ళారు, ఆ యాభై ఎస్‌ఓపీలూ అతని కంప్యూటర్లోనే ఉన్నాయి. వ్యాకరణం దిద్దించుకోవడం వేరు, బతుకు దిద్దించుకోవడం వేరు.

మారుతున్న రోజులు

ఇప్పటి పరిస్థితుల్లో ‘అక్కడే ఉద్యోగం చేస్తాను’ అన్న ప్లాన్ మీదనే లోను తీర్చే లెక్కంతా వేసుకోవడం ప్రమాదం. బ్రిటన్‌లో చదువయ్యాక పని వెతుక్కోవడానికి ఇచ్చే గడువు డిగ్రీ, మాస్టర్స్ వాళ్ళకి రెండేళ్ళు. 2027 జనవరి 1 నుంచి దానికి దరఖాస్తు చేసుకునేవాళ్ళకి అది 18 నెలలే. అంటే ఇప్పుడు చేరబోయే పిల్లలకి వర్తించేది కొత్త లెక్కే. అమెరికాలో చదువయ్యాక 12 నెలల ఓపీటీ, సైన్సు-ఇంజనీరింగు వాళ్ళకి ఇంకో 24 నెలలు ఇన్నాళ్ళుగా నడుస్తున్న దారి. ఆ తర్వాతిదైన హెచ్-1బి మీద 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలోనే ఉండి విద్యార్థి హోదా నుంచి మారేవాళ్ళకి అది సాధారణంగా వర్తించదని తర్వాత వివరణ వచ్చింది. అయినా ఈ గోల తగ్గుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా చోట్ల ఫీజు లేదు, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. అక్కడ అడిగే ‘మోటివేషన్ లెటర్’ అమెరికా ఎస్‌ఓపీ కంటే పొడిపొడిగా ఉండాలి. కథలు తక్కువ, కోర్సులో ఏ పేపరు ఎందుకు కావాలో ఎక్కువ.

ఈ నిబంధనలు ఇంకో ఏడాదికి ఎలా ఉంటాయో తెలియదు కాబట్టే, వ్యాసంలో వీసా పేర్లు, ఓపీటీ, పీఆర్ అన్న మాటలు రాయకూడదు. యూనివర్సిటీకి అవి అనవసరం, వీసా అధికారికి అవి అనుమానం. పని గురించి రాసిన ప్లాన్ ఏ దేశంలోనైనా నిలుస్తుంది. వీసా మీద కట్టిన ప్లాన్ ఒక ప్రకటనతో కూలుతుంది. నీటి శుద్ధి తెలిసిన మనిషికి మాంచెస్టర్‌లో పని దొరక్కపోయినా దేవనహళ్ళి దాటకుండానే దొరకవచ్చు.

‘రాసిందే చేయాలా?’ అని చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న. స్కాలర్‌షిప్పు షరతు ఉంటే తప్ప, ఎవరూ వెంటపడి అడగరు. ఆలోచన మారడం నేరం కాదు. మన ముద్దేనహళ్ళిలో పుట్టి, చిక్కబళ్ళాపురలో చదువుకున్న విశ్వేశ్వరయ్య సంగతే చూడండి. తండ్రి పోయాక బెంగళూరులో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో 1881లో బీఏ ముగించి, మైసూరు ప్రభుత్వ సాయంతో పూనాలో ఇంజనీరింగు చదివారు. ఆపైన బొంబాయి సర్కారు కొలువు. మైసూరుకి చీఫ్ ఇంజనీరుగా వచ్చింది 1909లో, దివాను అయ్యింది 1912లో. ఇరవయ్యేళ్ళ వయసులో ఆయన్ని ‘చదివాక ఏం చేస్తావు’ అని అడిగి ఉంటే దివాను పని అని మాత్రం చెప్పి ఉండరు. గౌరిబిదనూరు తాలూకా హొసూరు నుంచి వెళ్ళిన హెచ్. నరసింహయ్య గారు అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో అణు భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, బెంగళూరు నేషనల్ కాలేజీకి తిరిగి వచ్చారు. బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. గౌరిబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ కాలేజీలు లేచాయంటే ఆయన పుణ్యమే. ఇది చదివే ఇళ్ళలో ఆ కాలేజీల్లో డిగ్రీ చేసినవాళ్ళు ఒక్కరైనా ఉంటారు. అణు భౌతికశాస్త్రం నుంచి పల్లె కాలేజీకి ఏ ఎస్‌ఓపీ దారి గీస్తుంది?

అయితే మారడం వేరు, మొదటే అబద్ధం రాయడం వేరు. రాసేనాటికి పిల్ల నమ్మింది రాస్తే చాలు.

పని మొదలుపెట్టేవాళ్ళకి ఒకటి రెండు మాటలు. గడువుకి కనీసం రెండు నెలల ముందు పిల్ల తెలుగులోనో కన్నడంలోనో, ఏది నోటికి వస్తే అందులో, ‘నాకు ఈ చదువు ఎందుకు’ అని ఒక పేజీ రాసుకోవాలి. ఇంగ్లీషులోకి తర్వాత వెళ్ళవచ్చు. అందులో వచ్చిన ప్రతి ఉద్యోగం పేరు పక్కన, ఆ పనిలో రోజూ ఏం చేస్తారో ఒక వాక్యం రాయాలి. రాయలేకపోతే ఆ పని చేసే మనిషిని వెతికి ఒక అరగంట మాట్లాడాలి. జిల్లాలో దొరక్కపోతే బెంగళూరు ఎంత దూరం, గంటన్నర బస్సు. ఆ తర్వాత యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో కోర్సు పేపర్ల పట్టిక తెరిచి, తన ప్లాన్‌కి పనికొచ్చేవి రెండో మూడో గుర్తుపెట్టుకోవాలి. వాటి పేర్లు వ్యాసంలో రావాలి. యూకాస్‌కి మాత్రం అలా కాదు. ఒకే వ్యాసం అయిదు ఎంపికలకీ వెళ్తుంది కాబట్టి ఏ ఒక్క యూనివర్సిటీ పేరూ, దాని పేపరు పేరూ రాయకూడదు.

రికమండేషన్ లెటర్ రాసే లెక్చరరుకి కూడా ఈ పేజీ చూపించాలి. వ్యాసంలో నీటి శుద్ధి అని ఉండి, ఆయన లేఖలో ‘సాఫ్ట్‌వేర్ రంగంలో మంచి భవిష్యత్తు ఉంది’ అని ఉంటే చదివేవాళ్ళు రెండోదాన్నే నమ్ముతారు. పంపిన ప్రతి కాగితానికీ ఒక ప్రింటు తీసి ఇంట్లో పెట్టుకోండి. వీసా ఇంటర్వ్యూ ఆరు నెలల తర్వాత ఉంటుంది. ముందు రోజు రాత్రి బస్సులో పిల్ల చదువుకోవాల్సింది తాను రాసిన ఆ పేజీనే.